పరిగెత్తినవాడి వీపు



పోయిన భాగంలో జైళ్లలో కులం గురించి రాశాక, లా మూడో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పోలీసుల్ని చూసి పరిగెత్తడం నేరమా? అయితే ఏ సెక్షన్?" రెండు ముక్కల్లో జవాబు పంపిద్దామని కూర్చున్నా. నాలుగు రోజులు పట్టింది. ఆ జవాబు మన శిక్షాస్మృతిలో మొదలై మెంఫిస్ దాకా వెళ్లి, తిరిగి మా వాడకే వచ్చింది. అందుకే ఈ భాగం మొత్తం దానికే.

ముందు మెంఫిస్ సంగతి.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం. 1974 అక్టోబర్ 3 రాత్రి పదకొండు కావస్తోంది. పక్కింట్లో అద్దం పగిలిన చప్పుడు వినిపించిందని ఒకావిడ పోలీసులకు చెప్పింది. ఎల్టన్ హైమన్ అనే పోలీసు ఆ ఇంటి వెనక్కి వెళ్లాడు. ఒక కుర్రాడు పెరట్లోంచి పరిగెత్తి, ఆరడుగుల ఇనుప వల కంచె దగ్గర ఆగిపోయాడు. హైమన్ టార్చి వేశాడు. ముఖం కనిపించింది, చేతులు కనిపించాయి, చేతుల్లో ఏమీ లేదు. ఆయుధం లేదని తనకు దాదాపు నమ్మకంగానే ఉందని ఆ తర్వాత కోర్టులో హైమనే చెప్పాడు. "పోలీస్, ఆగు" అన్నాడు. కుర్రాడు కంచె ఎక్కబోయాడు. హైమన్ కాల్చాడు. తూటా తల వెనక భాగంలో తగిలింది. ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది.

ఆ కుర్రాడి పేరు ఎడ్వర్డ్ గార్నర్. వయసు 15. ఎనిమిదో తరగతి. నల్లజాతి పిల్లాడు. ఒంటి మీద దొరికింది ఒక పర్సు, పది డాలర్లు.

హైమన్ చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఈ కథలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. అరెస్టు చేస్తున్నానని చెప్పాక కూడా నిందితుడు పారిపోతే, పట్టుకోవడానికి అవసరమైన అన్ని మార్గాలూ వాడొచ్చని టెన్నెసీ చట్టంలోనే ఉంది. పిల్లాడు నిలబడి ఉంటే దొంగతనం కేసు, బాలల కోర్టు. పరిగెత్తాడు కాబట్టి మరణశిక్ష. జడ్జి లేడు, వకీలు లేడు, అప్పీలు లేదు. పది డాలర్ల దొంగతనానికి ఆ రాష్ట్రంలో ఏ కోర్టూ వేయలేని శిక్షను, ఒక పోలీసు ఒక్క క్షణంలో, చట్టబద్ధంగా వేశాడు.

ఇంకో మాట దాచకూడదు. ఎల్టన్ హైమన్ కూడా నల్లజాతివాడే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

అసలు ఆ చట్టం ఎక్కడిది? ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత నియమం అది. పెద్ద నేరం చేసి పారిపోయేవాణ్ణి పట్టుకోవడానికి వేరే దారి లేకపోతే చంపొచ్చు. ఆ రోజుల్లో దానికో లెక్క ఉంది. పెద్ద నేరాలన్నిటికీ దాదాపుగా ఉరే శిక్ష. ఎలాగూ ఉరి తీయబోయేవాణ్ణి దారిలో చంపితే పోయేదేముంది అన్నది ఆ లెక్క. తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో ఆ నేరాల్లో చాలా వాటికి ఉరి పోయింది. చంపే హక్కు మాత్రం పోలీసు చేతిలో మిగిలిపోయింది. శిక్ష తగ్గింది కానీ పారిపోవడానికి వేసే శిక్ష తగ్గలేదన్నమాట. చట్టాల చరిత్రలో ఇట్లాంటి విచిత్రాలు ఊరికే మిగలవు మిత్రులారా. ఎవరి వీపు మీద ఆ తూటా పడుతుందో చూస్తే అది ఎందుకు మిగిలిందో తెలుస్తుంది.

గార్నర్ తండ్రి ఊరుకోలేదు. దావా వేశాడు. కింది కోర్టులో ఓడిపోయాడు, పై కోర్టులో గెలిచాడు. సుప్రీంకోర్టు తీర్పు 1985 మార్చి 27న వచ్చింది. ఆయుధం లేనివాడు, ప్రమాదం లేనివాడు పారిపోతుంటే చంపడం రాజ్యాంగ విరుద్ధమని ఆరుగురు జడ్జీలు చెప్పారు. నిందితులందరూ తప్పించుకోవడం కంటే చావడమే మేలు అనుకోవడానికి లేదని జస్టిస్ వైట్ రాశాడు. ముగ్గురు ఒప్పుకోలేదు. పిల్లాడు చచ్చిపోయి అప్పటికి పదేళ్లు దాటింది.

1985 అంటే మనకూ గుర్తుండాల్సిన ఏడాదే. ఆ జులై 17న కారంచేడు. అక్కడా మనోళ్లు పరిగెత్తారు. పొలాల్లో వెంటాడి నరికారు.

ఇప్పుడింకా వెనక్కి పోదాం.

1851లో లూసియానాలో సామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఒక కొత్త జబ్బును కనిపెట్టాడు. డ్రాపెటోమేనియా అని పేరు పెట్టాడు. బానిసలు యజమాని దగ్గర్నుంచి పారిపోవడమే ఆ జబ్బు. బాగా తిండి పెట్టి, బట్ట ఇచ్చి, హద్దులో ఉంచితే రాదట. వచ్చే సూచన కనిపిస్తే కొరడా మందట. నవ్వు వస్తుంది చదువుతుంటే. కానీ అంతకు ఒక్క ఏడాది ముందే, 1850లో, పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. పారిపోయినవాడికి అన్నం పెట్టినా, దాచినా ఆరు నెలల జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. పట్టుబడిన మనిషి బానిసా కాదా తేల్చే కమిషనర్‌కు ఫీజు ఎంతో తెలుసా? బానిసే అని తేల్చి యజమానికి అప్పగిస్తే పది డాలర్లు. కాదని వదిలేస్తే ఐదు. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పే హక్కు లేదు.

బానిసత్వం పోయిందన్న 1865లోనే మిసిసిపీ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. ఒప్పందం గడువు తీరకుండా పని వదిలి వెళ్లిన నల్ల కూలీని ఎవరైనా పట్టి తెచ్చి ఆసామికి అప్పగించొచ్చు. పట్టి తెచ్చినందుకు ఐదు డాలర్లు, నడిచిన ప్రతి మైలుకు పది సెంట్లు. ఆ డబ్బు ఆసామి ఇచ్చి, కూలీ జీతంలో కోసుకుంటాడు. అంటే వెంటాడినందుకు ఖర్చు వెంటాడబడినవాడిదే. మా నాయనమ్మ ఇది వింటే, "ఇది పాలేరుతనమే కదరా" అని ఉండేది. పాలేరు గడువు తీరకుండా ఊరు దాటితే కాళ్లు విరగ్గొట్టి తెచ్చేవాళ్లని ఆమె చెప్పేది. మన దగ్గర దానికి చట్టం కూడా అక్కర్లేకపోయింది.

అయితే చట్టం అక్కరపడ్డ చోట చేశారు. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన చట్టం. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో కొత్తగా చేశాక మద్రాసు రాష్ట్రానికి, అంటే మన కోస్తాకి, రాయలసీమకి వచ్చింది. 1924లో అన్నీ కలిపి మళ్లీ రాశారు. మన దగ్గర దాని దెబ్బ ఎక్కువగా తిన్నది ఎరుకలవాళ్లు.

ఎరుకలవాళ్లు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి మెట్టకు, మెట్ట నుంచి తీరానికి తిరిగేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, తర్వాత రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. మీనా రాధాకృష్ణ గారి పుస్తకంలో ఈ కథంతా వివరంగా ఉంది, విద్యార్థులు తప్పకుండా చదవాలి. బతుకుతెరువే తిరగడం అయినవాళ్లకు, తిరగడమే నేరమైంది.

ఆ చట్టం ఎట్లా పనిచేసిందో చూడండి. ముందు వేలిముద్రలు తీసి రిజిస్టరులో ఎక్కిస్తారు. తర్వాత ఎక్కడ ఉంటున్నావో చెప్పాలి. ఊరు దాటితే చెప్పాలి, పాసు కావాలి. చెప్పిన టైముకి హాజరు పలకాలి. పాసు లేకుండా హద్దు దాటి కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు. అరెస్టు చేసే అధికారం పోలీసుకే కాదు, గ్రామ మునసబుకీ ఉంది, ఊరి కావలివాడికీ ఉంది. హాజరు తప్పితే, హద్దు దాటితే జైలు. రెండోసారైతే ఎక్కువ, మూడోసారైతే ఇంకా ఎక్కువ. ఏ దొంగతనమూ చేయక్కర్లేదు. మేనకోడలి పెళ్లికి పక్క ఊరు పోయి ఉంటే చాలు.

ఇక్కడే ఎల్టన్ హైమన్ దగ్గరికి తిరిగి రావాలి. ఊరి కావలివాడు అన్నాను కదా. మన జిల్లాల్లో తలారి, వెట్టివాడు ఎవరు? చాలా ఊళ్లలో మాలో మాదిగో. ఆ రాత్రి ఎరుకల గుడిసె తలుపు కొట్టి "ఉన్నావా" అని అడిగినవాడు చాలాసార్లు మనవాడే. మునసబు కుర్చీలో కూర్చుంటాడు, కర్ర పట్టుకుని చీకట్లో నడిచేవాడు మనోడు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల వ్యవస్థ అంటే ఇదే. దీన్ని మన ఉద్యమం గట్టిగా మాట్లాడుకోలేదు. ఎరుకల, యానాది మిత్రులు అడిగితే మనం తల దించుకుని వినాలి.

1924 చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. లా విద్యార్థులు దీన్ని అండర్‌లైన్ చేసుకోండి. క్రిమినల్ ట్రైబ్ మనిషి, శిక్షాస్మృతిలోని ఫలానా నేరాల్లో రెండోసారి శిక్ష పడితే, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప ఏడేళ్లకు తగ్గకూడదు. మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరవాసం. అదే దొంగతనం ఊళ్లో కమ్మాయనో రెడ్డిగారో మూడుసార్లు చేసినా ఈ సెక్షన్ ఆయనకు వర్తించదు. నేరం ఒకటే, శిక్ష పుట్టుకను బట్టి.

సరిగ్గా డెబ్బై ఏళ్లకు, 1994లో, కాలిఫోర్నియా రాష్ట్రం మూడు తప్పుల చట్టం చేసింది. మూడో పెద్ద నేరానికి 25 ఏళ్ల నుంచి జీవితాంతం. గోల్ఫ్ ఆడే కర్రలు మూడు దొంగిలించినవాడికి ఆ శిక్ష వేస్తే, 2003లో సుప్రీంకోర్టు తప్పు లేదంది. ఆ చట్టంలో జాతి పేరు లేదు. మన 1924 చట్టం రాసినవాళ్లకు ఆ సిగ్గు లేదు, అంతే తేడా. కాలిఫోర్నియావాళ్లు మన చట్టం చూసి రాశారని నేను అనడం లేదు. తిరిగేవాడిని, పారిపోయేవాడిని, మళ్లీ పట్టుబడ్డవాడిని చూసి ఆస్తి ఉన్నవాడికి పుట్టే భయం ఎక్కడైనా ఒకే రకం లెక్కలు వేస్తుందంటున్నాను.

బాపట్ల పక్కన 1913లో సాల్వేషన్ ఆర్మీ చేత పెట్టించిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు గురించి ఇక్కడ ఆగి రాయాలని చేతులు దురద పెడుతున్నాయి. అది ఒక భాగంలో సరిపోయేది కాదు. తర్వాత చూద్దాం.

ఇప్పుడు మా వాడ.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఊరి చెరువు దగ్గర మా కుర్రాళ్లకూ ఊళ్లోవాళ్లకూ గొడవ జరిగింది. ఇద్దరికి దెబ్బలు తగిలాయి, ఒకరు అటు, ఒకరు ఇటు. మర్నాడు తెల్లారకముందే జీపు వచ్చింది. జీపు చప్పుడు వినగానే వాడలో మగాళ్లందరూ లేచి పరిగెత్తారు. గొడవలో ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ. కుంటి కాలితో మా పెదనాన్న ఒక్కడే మిగిలాడు. ఆయన్ని అరుగు మీద నుంచి లాగి కొట్టారు.

మా బాబాయి గొడవప్పుడు ఊళ్లోనే లేడు. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట వేస్తూ కూర్చున్నాడు. పొద్దున్నే ఇంటికి వస్తూ, ఎదురుగా పరిగెత్తుకొస్తున్నవాళ్లను చూసి తనూ వెనక్కి తిరిగి పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తావు బాబాయ్ అని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "అందరూ పరిగెత్తుతుంటే నిలబడితే ఏమవుద్దో మీ పెదనాన్నని అడుగు" అన్నాడు. కేసు కాగితాల్లో ఆయన పరారీలో ఉన్న నిందితుడు. తొమ్మిదో ముద్దాయి. ఆరేళ్లు వాయిదాలకు తిరిగాడు. వాయిదా ఉన్న రోజు కూలి పోయేది, బస్సు చార్జీ పోయేది, వకీలు ఫీజు పోయేది. చివరికి కేసు కొట్టేశారు. ఆరేళ్లూ ఆయన మీద ఉన్న సాక్ష్యం ఒక్కటే: పరిగెత్తాడు. ఊళ్లోవాళ్లు ఒక్కరూ పరిగెత్తలేదు. వాళ్లకు పరిగెత్తాల్సిన పని లేదు. జీపు వాళ్ల అరుగుల ముందు ఆగి, మజ్జిగ తాగి వచ్చింది.

తమ్ముడి ప్రశ్నకు ఇప్పుడు జవాబు. మన పాత శిక్షాస్మృతిలో 224వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 262. చట్టబద్ధమైన అరెస్టును అడ్డుకున్నా, కస్టడీ నుంచి తప్పించుకున్నా రెండేళ్ల దాకా జైలు. అసలు నేరానికి వేసే శిక్షకు ఇది అదనం. కోర్టు ప్రకటన ఇచ్చాక కూడా హాజరుకాకపోతే మూడేళ్ల దాకా, పెద్ద నేరాల్లో ప్రకటిత నేరస్థుడు అయితే ఏడేళ్ల దాకా. అది 2005లో చేర్చిన 174ఏ, ఇప్పుడు 209. జీపును చూసి ఊరికే పరిగెత్తడం దేనికిందా నేరం కాదు. పారిపోవడం ఒక్కటే నేరానికి రుజువు కాదని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అరెస్టులో భాగంగా, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేనివాడి ప్రాణం తీసే హక్కు పోలీసులకు లేదని కూడా రాసి ఉంది. కాగితం మీద మన చట్టం 1974 నాటి టెన్నెసీ కంటే నయం.

కాగితం మీద. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగింది వేరు. పోలీసులు వాడలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. పొలాల్లోకి పరిగెత్తారు. అక్కడ ఆధిపత్య కులాలవాళ్లు గొడ్డళ్లతో కాచుకుని ఉన్నారు. ఎనిమిది మంది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మా బాబాయి పరుగు సాక్ష్యమైంది. చుండూరు పరుగుకు సాక్ష్యమే మిగల్లేదు.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు తుపాకులు లాక్కుని పారిపోబోతుంటే కాల్చామని పోలీసులు చెప్పినప్పుడు, మన విద్యార్థి సంఘాల్లో కూడా కొందరు మిఠాయిలు పంచారు. ఆ రోజు నేను కోప్పడితే నన్ను తిట్టారు. చనిపోయిన ఆ అమ్మాయికి న్యాయం జరగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? పోలీసుల కథ నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని. పారిపోబోతుంటే అనే మాట వినగానే ఎడ్వర్డ్ గార్నర్ కంచె గుర్తు తెచ్చుకోండి.

అమెరికాలో గార్నర్ తీర్పుతో కథ ముగియలేదు. తూటా కొంచెం తగ్గింది, జైలు పెరిగింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పోలీసు ఆగమన్నా కారు ఆపకపోవడమే పెద్ద నేరం. ఫ్లోరిడాలో మామూలుగా అయితే ఐదేళ్ల దాకా, ప్రమాదకరమైన వేగంతో వెళ్తే పదిహేనేళ్ల దాకా, ఎవరికైనా తీవ్రంగా గాయమైనా, ఎవరైనా చనిపోయినా ముప్పై ఏళ్ల దాకా, అందులో మూడేళ్లు తప్పనిసరి. కారు రోడ్డు మీద పక్కవాళ్లనూ చంపగలదు, ఆ వాదనలో న్యాయం ఉంది, నేను కాదనను. కాలినడకన పరిగెత్తేవాడి సంగతేంటి? 2000లో సుప్రీంకోర్టు, నేరాలు ఎక్కువ జరిగే ప్రాంతంలో పోలీసును చూసి పరిగెత్తితే ఆపి సోదా చేయడానికి అది సరిపోయే అనుమానమే అంది. నేరాలు ఎక్కువ జరిగే ప్రాంతమంటే ఏ వాడో మీకు చెప్పక్కర్లేదు. 2016లో మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత కోర్టు దీనికి ఎదురు నడిచింది. బోస్టన్‌లో నల్ల మగవాళ్లను పోలీసులు పదేపదే ఆపుతున్నారని లెక్కలు చెప్తున్నప్పుడు, ఆ అవమానం తప్పించుకోవడానికి కూడా మనిషి పరిగెత్తొచ్చని రాసింది. మా బాబాయి మాటను ఒక కోర్టు తీర్పులో చదివినట్టనిపించింది నాకు.

చివరిగా ఒక తేదీ. 2024 అక్టోబర్ 3. ఎడ్వర్డ్ గార్నర్ చనిపోయి సరిగ్గా యాభై ఏళ్లు. ఆ రోజే మన సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైళ్లలో కులవివక్ష నియమాలను కొట్టేసింది. పోయిన భాగంలో వంటా, పాకీపని గురించి రాశాను. ఒక నియమం మాత్రం ఈ రోజుకోసం దాచుకున్నా. పశ్చిమ బెంగాల్ జైలు కోడ్‌లో 404వది. ఖైదీల్లోంచి రాత్రి కాపలాదారును ఎంచుకునేటప్పుడు, పారిపోయే సహజ గుణం బలంగా ఉన్న వర్గాలవాళ్లను, అంటే సంచార తెగల మనుషులను, పెట్టకూడదట. సహజ గుణం! కార్ట్‌రైట్ డాక్టరు జబ్బు 1851లో లూసియానాలో పుట్టి, 2024 దాకా మన జైలు పుస్తకంలో బతికి ఉంది. మన ఆంధ్రప్రదేశ్ జైలు నియమాల్లోనూ సంచార, క్రిమినల్ తెగల ప్రస్తావనలున్నవాటిని ఆ తీర్పు పరిశీలించింది.

మద్రాసు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. దాని చోట అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ తీసి చూడండి. అరెస్టులో ఎవరికి బేడీలు వేయొచ్చో రాశారు. జాబితాలో మొట్టమొదట ఉన్నది అలవాటుపడ్డ, మళ్లీ మళ్లీ నేరం చేసినవాడు. ఆ వెంటనే కస్టడీ నుంచి తప్పించుకున్నవాడు. ఉగ్రవాది వాళ్ల తర్వాతే వస్తాడు.

వచ్చే భాగం స్టువర్టుపురం. మీ ఇళ్లలో తాతలనాటి పాసు కాగితాలు, హాజరు చీటీలు ఏమైనా మిగిలి ఉంటే ఫొటో తీసి పంపండి, పేర్లు బయటపెట్టను. మీ తాత తలారి అయి ఉంటే, ఆయన రాత్రిపూట ఎవరి తలుపు కొట్టేవాడో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అది కూడా రాయండి.